రెండోసారి తట్టిన చెయ్యి

పొద్దున్నే చిత్రికక్క చేసే మొదటి పని కర్ర నునుపు చేసే చిత్రిక బ్లేడు సానరాయి మీద నూరుకోవడం. టీ ఆ తర్వాతే. ముందే టీ తాగితే చెయ్యి వేడెక్కి బ్లేడు మీద నిలవదని చెబుతుంది గానీ, అసలు సంగతి వేరు. ఆ నూరే చప్పుడు వినకపోతే ఎదురింటి దర్జీ బాబాయికి తెల్లవారినట్టుండదు. ఆయన లేచి, కిటికీ తెరిచి, నాలుగు మాటలు విసిరితే గానీ ఈవిడకి టీ గొంతు దిగదు.

"ఇవాళ ఎవర్ని మర్చిపోతున్నారమ్మా ఊళ్ళో?" అంటాడాయన.

"నీ బాకీ వసూలుకి వచ్చేవాడిని బాబాయ్," అంటుంది ఈవిడ.

ఆ ఊళ్ళో తలుపులు తెలిసిన చేతికి వాటంతట అవే తెరుచుకుంటాయి. వేలి కణుపులతో ఒక్కసారి తట్టాలి, అంతే. తెలియని చెయ్యి అయితే కదలవు. అందుకని కొత్తవాళ్ళు తలుపు ముట్టుకోకుండా వీధిలో నిలబడి "ఏవండీ" అని కేకేస్తారు, లోపలివాళ్ళు వచ్చి తీస్తారు. కొత్త తలుపు చేయించుకున్నప్పుడు, గుమ్మానికి బిగించకముందే ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి తట్టి వెళ్తారు. చంకలోని పిల్లల చెయ్యి పట్టుకుని మరీ తట్టిస్తారు. ఈ మధ్య ఆ వేడుకకి కొత్త బట్టలూ, ఫొటోలూ తోడయ్యాయి. ఎందుకు తడుతున్నారని అడిగితే మాత్రం "పెద్దవాళ్ళు తట్టారు, మేమూ తడుతున్నాం" అంటారు.

ఇంకో మర్యాద కూడా ఉంది. ఎవరైనా ఒక్కసారే తట్టాలి. తెరుచుకుంటే లోపలికి, లేదంటే వెనక్కి. రెండోసారి తట్టడమంత సిగ్గుమాలిన పని ఆ ఊళ్ళో మరొకటి లేదు. పిల్లలు మారు అన్నం అడిగితే ముద్దు చేసి పెడతారు, మారు తడితే చెవి మెలేస్తారు. తాగుబోతులకి కూడా ఆ మాత్రం పరువుంది. ఇంటావిడ చిత్రిక పట్టించేసిందని తెలియక ఒకసారి తట్టి, తలుపు పలక్కపోతే బుద్ధిగా మెట్ల మీదే పడుకుంటారు.

తెలిసిన చేతిని తలుపు మర్చిపోవాలంటే చిత్రికక్క దగ్గరికి రావలసిందే. తలుపు ఊడదీసి, మోసుకొచ్చి, ఆవిడ బల్ల మీద పడుకోబెడతారు. ఏళ్ళ తరబడి వేళ్ళు పడి పడి ఛాతీ ఎత్తున ఒక చిన్న గుంట ఏర్పడి ఉంటుంది. ఆ గుంట పోయేదాకా ఆవిడ పొర మీద పొర లేపుతుంది. దాంతో తలుపు అందర్నీ మర్చిపోతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళంతా మళ్ళీ తట్టి పరిచయం చేసుకుంటారు, ఆ ఒక్కరు తప్ప.

అయితే ఆవిడకొక నియమం ఉంది. మొదటిసారి వచ్చినవాళ్ళకి పని చెయ్యదు. "తీసుకుపోండి. అన్నం తిని, నిద్రపోయి లేచి, అప్పుడూ అలాగే అనిపిస్తే మళ్ళీ మోసుకురండి," అంటుంది. చాలామంది మళ్ళీ రారు. తలుపు బరువు అలాంటిది, దాన్ని రెండోసారి మొయ్యాలంటే కోపం చాలా గట్టిదై ఉండాలి. ఒకాయన అల్లుణ్ణి మర్చిపోవాలని వచ్చి, వెనక్కి మోసుకెళ్ళడానికి మనిషి దొరక్క అదే అల్లుణ్ణి పిలిపించుకున్నాడు. మావా అల్లుళ్ళు చెరో పక్కా పట్టుకుని, దారంతా తిట్టుకుంటూనే ఇల్లు చేరారు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట. చిత్రికక్క కథా అంతే.

ఆ చిత్రిక షెడ్డు ఒకప్పుడు అక్కా చెల్లెళ్ళిద్దరూ కలిసి నడిపేవారు. చెల్లెలి చెయ్యి అక్క చెయ్యి కంటే తేలిక. ఆమె లేపిన పొర ఊదితే ఎగిరిపోయేది. అలాంటి పిల్ల ఒకరోజు బల్ల తుడుస్తూ, తలెత్తకుండా, "నేను ఫ్యాక్టరీలో కుదిరానక్కా," అంది.

ఏటవతల ఇనుప తలుపుల ఫ్యాక్టరీ కొత్తగా పెట్టారు. ఇనుప తలుపుకి ఎవరూ తెలియదు, అది ఎవర్నీ మర్చిపోదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళదే ఇల్లు.

"ఆ డబ్బాల కంపెనీలోనా?" అంది అక్క. "ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఈ పని నావల్ల కావటం లేదక్కా. నిన్న ఆ పెద్దావిడ కొడుకు చెయ్యి తుడిపించుకుని వెళ్ళింది కదా, ఆ పొర నా చేతిలో ఇంకా వెచ్చగా ఉంది. అన్నం తినబుద్ధి కాలేదు. అక్కడైతే ఎవరూ ఏడుస్తూ రారు. ఎవర్ని మర్చిపోవాలో మనకి చెప్పరు."

"ఇన్నేళ్ళు కడుపు నింపిన పని ఇప్పుడు చేదైందా? సరే, వెళ్ళు. రేకు తలుపులు చేసేవాళ్ళకి కర్ర తలుపుతో ఏం పని?"

"అంటే? నన్ను రావద్దంటున్నావా?"

"నీ ఇష్టం."

లోకంలో చాలా ఇళ్ళు ఈ మాట మీదే కూలాయి. చెల్లెలు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న చిత్రికక్క టీ కూడా తాగకుండా తన ఇంటి తలుపు ఊడదీసింది. అన్నం తిని, నిద్రపోయి లేచి రమ్మని తనకి చెప్పేవాళ్ళెవరూ లేరు. రాత్రంతా నిద్రపోలేదు కూడా. ఊళ్ళోవాళ్ళ తలుపులకి పల్చగా పట్టే మనిషి, తన తలుపుకి పళ్ళు బిగించి లోతుగా పట్టింది. లేచిన పొరలన్నీ చిన్నప్పట్నుంచీ చెల్లెలు ఆ తలుపు మీద తట్టిన తట్లే. వాటిని పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకుంది. ఆ తర్వాత తలుపు బిగించి, తానొక్కతే తట్టి పరిచయం చేసుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. చిత్రికక్క వెనక గదిలో పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మర్నాడు పొద్దున్న బ్లేడు నూరుతుంటే దర్జీ బాబాయి కిటికీ తెరిచాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఆ రోజు మాత్రం మాటలు కూడదీసుకున్నాడు.

"నిన్న సాయంత్రం మీ చెల్లెలొచ్చిందమ్మా. చేతిలో సంచీ ఉంది. తట్టింది. తలుపు తియ్యలేదు. కాసేపు తడుస్తూ నిలబడి, నేను గొడుగు తీసుకుని వచ్చేలోపు వెళ్ళిపోయింది. నువ్వు ఇంట్లో లేవా?"

"ఉన్నాను."

"మరి?"

"కేకెయ్యచ్చుగా?"

"సొంతింటి ముందు నిలబడి ఏవండీ అని ఎలా అంటుందమ్మా?" అన్నాడాయన, కిటికీ మూసేస్తూ.

ఆ రోజే ఏరు దాటి వెళ్ళాల్సింది. రేపు వెళ్దామనుకుంది. రేపు వచ్చాక, తనకి కావాలంటే తనే వస్తుందిలే అనుకుంది. పంతానికి మనం ప్రత్యేకంగా తిండి పెట్టక్కర్లేదు, మన కంచంలోదే తిని పెరుగుతుంది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. చిత్రికక్క జుట్టు నెరిసింది. తన తలుపు మీద తన ఒక్కదాని వేళ్ళకే చిన్న గుంట పడింది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడకి చెల్లెలు గుర్తొచ్చేది, అయినా ఏరు దాటలేదు.

ఇలా ఉండగా, ఒక పాత ఇల్లు పడగొడుతూ ఆ ఇంటి కోడలు తలుపు మోయించుకొచ్చింది. "ఎవరి మీదా కోపం లేదక్కా. కొత్తింటికి వాడుకుందామని. పాతవాళ్ళనంతా మర్చిపోయేలా శుభ్రంగా పట్టు," అంది. కోపం లేదు కాబట్టి నియమం అడ్డు రాలేదు. చిత్రికక్క పైనున్న రంగులన్నీ ఒక్కొక్కటిగా గీకింది. ఎరుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద నల్లని పాత కర్ర. ఆ కర్ర మీద ఉండాల్సిన గుంట ఉంది. దాని పక్కనే, అంతే లోతున, ఇంకో గుంట కూడా ఉంది.

ఆవిడ వేళ్ళు పెట్టి చూసింది. ఒకసారి తట్టి, చెయ్యి తియ్యకుండా కొంచెం పక్కకి జరిపి మళ్ళీ తడితే ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడుంది రెండో గుంట. అంటే ఆ ఇంట్లోవాళ్ళంతా, తరతరాలుగా, రెండుసార్లు తట్టారన్నమాట. అంత పరువు తక్కువ కుటుంబమా అనుకుని ముందు నవ్వుకుంది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బ్లేడు పక్కన పెట్టి, కర్రల అడితి తాత దగ్గరికి నడిచింది.

తాత ఎండలో దుంగ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి చెవులు సగం వినపడతాయి గానీ, ఏ చెట్టు ఎక్కడ పెరిగిందో వాసన చూసి చెబుతాడు.

"రెండు గుంటలా?" అన్నాడు. "అబ్బో, అలాంటి తలుపు ఇంకా మిగిలుందా? మా ముత్తవ్వ చెప్పేది. నేను కథే అనుకున్నాను."

"ఏం కథ తాతా?"

"మొదట్లో ఇళ్ళకి తలుపుల్లేవమ్మా. మొట్టమొదట తలుపు కావాలనుకున్నవాడు గొడ్డలి పట్టుకుని చెట్టు దగ్గరికెళ్ళాడట. చెట్టు అందట, నన్ను కొట్టు, కాదనను, నీ గుమ్మానికి కాపలా ఉంటాను. కానీ నేను పుట్టినప్పట్నుంచీ కింద కూర్చున్నవాడికల్లా నీడ ఇచ్చినదాన్ని. ఇప్పుడు మనుషుల్ని బయట నిలబెట్టమంటే నా వల్ల ఒక్కసారే అవుతుంది, రెండోసారి కాదు, అని. అలా ఒప్పందం అయింది. మొదటిసారి తడితే, నేను ఫలానా అని చెప్పుకోవడం. తెలిసినవాడైతే తీస్తుంది, లేకపోతే లేదు. రెండోసారి తడితే, నాకు అవసరం అని అడగడం. అప్పుడు వాడెవడైనా సరే, తీసి తీరాలి."

"ఎవరైనానా? చిత్రిక పట్టించేసినా?"

"చెట్టు ఇచ్చిన మాటమ్మా. పైపై పొరలు తీస్తే పోతుందా?"

"మరి రెండోసారి తట్టడం సిగ్గులేని పని ఎలా అయింది తాతా?"

"ఒకసారి ఊళ్ళోకి మాయరోగం వచ్చిందట. జబ్బు పడ్డవాళ్ళు దాహమని ఇంటింటికీ వచ్చి తట్టేవాళ్ళు. రెండోసారి తడితే తలుపు తీసేస్తుంది కదా, రోగం లోపలికొస్తుంది. తలుపుకి నచ్చజెప్పలేరు. అందుకని మనుషులకే నేర్పారు. మళ్ళీ తట్టేవాడు సిగ్గులేనివాడు, మళ్ళీ తడితే వంశం పరువు పోతుంది అని. పాపం దాహంతో ఉన్నవాళ్ళు కూడా పరువుకి భయపడి వెనక్కి వెళ్ళిపోయారట. రోగం పోయిందమ్మా. సిగ్గు మాత్రం ఉండిపోయింది. దాన్నే మనం మర్యాద అంటున్నాం."

చిత్రికక్క ఇంటికొచ్చి తన తలుపు ముందు నిలబడింది. కథ నిజమో కాదో తేల్చుకోవడానికి లేదు, ఆ తలుపుకి తన చెయ్యి తెలుసు. ఊళ్ళో ఇంకెవర్నైనా తట్టి చూడమంటే ఉమ్మేసి పోతారు. ఇంతకీ ఆవిడకి తేల్చుకోవాలనీ లేదు. ఆ కథ అబద్ధం కావాలని ఆ రాత్రంతా కోరుకుంది. నిజమైతే, ఆ వాన రోజున చెల్లెలికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క తట్టే. ఎప్పుడో చచ్చిపోయిన రోగానికి భయపడి ఆ పిల్ల వెనక్కి వెళ్ళిపోయిందన్నమాట.

మర్నాడు బ్లేడు నూరలేదు. దర్జీ బాబాయి కంగారుగా కిటికీ తెరిచేసరికి ఆవిడ చీర మార్చుకుని మెట్లు దిగుతోంది.

"ఎక్కడికమ్మా?"

"ఏటవతలికి."

"వెళ్ళు, వెళ్ళు," అన్నాడాయన.

ఫ్యాక్టరీ వెనక వరసగా ఒంటిగది ఇళ్ళు, అన్నిటికీ బూడిద రంగు ఇనుప తలుపులు. చివరి ఇల్లని ఎవరో చూపించారు. సెలవు రోజు కాబట్టి ఇంట్లోనే ఉంటుందన్నారు. చిత్రికక్క తట్టింది. ఇనుము మీద కణుపులు నొప్పెట్టాయి. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. గడియ కదల్లేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నేర్చుకున్నదంతా ఇక వెనక్కి తిరగమంది. పక్కింటి పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ తట్టింది.

గడియ వెంటనే తీశారు. చెల్లెలు. చెంపల దగ్గర తనకి లాగే నెరిసింది.

"మొదటిసారికే తెలిసింది నువ్వేనని," అంది. "చిటికెన వేలు ముడిచి కొట్టేది నువ్వొక్కదానివే."

"మరి తియ్యలేదే?"

"వెళ్ళిపోతావేమో చూద్దామని. వెళ్ళిపోతే చెల్లుకి చెల్లు అనుకున్నాను. రెండోసారి కొట్టావు. సిగ్గు లేదా నీకు?"

"లేదు," అంది అక్క.

లోపల ఒక మంచం, ఒక స్టవ్వు. చెల్లెలు ఎడమ చేత్తో టీ పెట్టింది. ఎడమ చేత్తోనే గ్లాసు అందించింది. కుడి చెయ్యి చున్నీ కిందే ఉంది. గ్లాసు అందుకుంటుంటే చున్నీ జారింది. ఆ చేతికి బొటనవేలు తప్ప వేళ్ళు లేవు.

అక్క ఆ చేతి మీదికి వంగింది.

"ఏడవకు. పాత సంగతి," అంది చెల్లెలు. "ఆ వాన రోజు వచ్చేద్దామనే వచ్చానక్కా. ఇక్కడ మానేస్తానని చెప్పేసి, సంచీ సర్దుకుని వచ్చాను. తలుపు తియ్యలేదు. తిరిగి వెళ్ళేసరికి నా పని ఇంకొకరికి ఇచ్చేశారు. రేకులు కోసే మిషను దగ్గరే ఖాళీ ఉందన్నారు. ఎక్కువ రోజులు పట్టలేదు. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేశారు, వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటాను."

అక్క ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఊదితే ఎగిరిపోయేంత పల్చటి పొర లేపిన చెయ్యి అది. దాని తట్టు ఎలా ఉండేదో ఇక లోకంలో ఏ తలుపుకీ తెలియదు. తెలిసిన ఒక్క తలుపునీ తానే గీకి, ఆ పొరలతో నీళ్ళు కాచుకుంది.

"ఒక్కటే నన్ను తినేస్తుందక్కా," అంది చెల్లెలు నెమ్మదిగా. "ఇంకోసారి తట్టి ఉంటే నువ్వు వినేదానివేమోనని. చెయ్యి ఎత్తాను కూడా. దర్జీ బాబాయి కిటికీలోంచి చూస్తున్నాడు. సిగ్గేసి దించేశాను."

తాత చెప్పిన కథ అక్క గొంతు దాకా వచ్చింది. దాన్ని టీతో పాటు మింగేసింది.

"వానలో ఏం వినపడుతుందే? ఇంటికొచ్చెయ్యి," అంది.

"చూద్దాం," అంది చెల్లెలు.

ఏరు దాటి రాగానే చిత్రికక్క తిన్నగా షెడ్డుకెళ్ళి, ఆ పాత తలుపుని బల్ల మీదకి లాగి, రెండు గుంటలూ పోయేదాకా చిత్రిక పట్టింది. తర్వాత అడితికి వెళ్ళి, "ఆ కథ ఇంకెవరికీ చెప్పకు తాతా," అంది. "ఎవరడుగుతారమ్మా?" అన్నాడు తాత. ఊరికి తెలియాల్సిన సంగతే అది. ఊళ్ళో ఇంకా ఎంతమంది మెట్ల మీంచి వెనక్కి వెళ్తున్నారో ఆవిడకి తెలియకపోలేదు. అయినా అది చెల్లెలి చెవిన పడకూడదు, ఊరి కంటే చెల్లెలే ఎక్కువనిపించింది. ఆ పాపం తనదే అనుకుంది.

కొన్నాళ్ళకి, ఒక ఉదయం, పెరట్లో బట్టలు పిండుతుంటే వీధి తలుపు మీద చప్పుడైంది. కణుపుల చప్పుడు కాదు, ఏదో మొద్దుగా ఆనినట్టు. తలుపు కదల్లేదు. ఎవరో తెలియక, తడి చేతులతోనే లోపలికొచ్చి కిటికీలోంచి చూసింది. మెట్ల మీద చెల్లెలు, భుజాన సంచీ. వేళ్ళు లేని చేతిని మళ్ళీ ఎత్తుతోంది.

"వద్దు, ఆగు!" అనబోయింది. ఆలోపే రెండోసారి చప్పుడైంది.

ఆవిడ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. గడియ తనంతట తాను జరిగింది. తలుపు, ఎన్నడూ చూడని ఆ చేతికి, మెల్లగా తెరుచుకోవడం మొదలుపెట్టింది.

చిత్రికక్క ఒక్క గెంతు గెంతి తలుపు అంచు పట్టుకుంది. మోకాలు గోడకి కొట్టుకుంది. తానే లాగినట్టు తలుపుని బార్లా తీసి నిలబడింది.

చెల్లెలు తలుపు వంక చూసింది, అక్క వంక చూసింది.

"నువ్వే తీశావా అక్కా? అదే తీసినట్టనిపించింది."

"నేను కాకపోతే ఇంకెవరు? దాన్ని అంత లోతుగా పట్టానే. నిన్ను గుర్తుపట్టే పొర ఒక్కటి కూడా ఉంచలేదు. తెల్లవార్లూ తట్టినా అది తియ్యదు."

"అయితే ఆ రోజు..."

"ఆ రోజు ఎన్నిసార్లు తట్టినా తీసేది కాదు. నీ వల్ల ఏం కాలేదు. చేసిందంతా నేనే."

చెల్లెలు ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు నిట్టూర్చి, "అమ్మయ్య," అంది. సంచీ దించి, చెప్పులు విప్పి, చిన్నప్పటిలాగే చనువుగా లోపలికి నడిచింది.

చిత్రికక్క తలుపు మూసింది. మూశాక, నోరెత్తకని చెబుతున్నట్టు, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. లోపల చెల్లెలు ఎడమ చేత్తో గిన్నెలు కదుపుతూ టీ పొడి ఎక్కడుందని అడుగుతోంది.